‘మిస్‌డౌట్’ అనే పాత ఇంగ్లీషు క్రియను చదవడం, తెలుగు చేయడం ఎలా

షేక్‌స్పియర్ నాటకాలో పందొమ్మిదో శతాబ్దపు ఇంగ్లీషు నవలలో చదివే తెలుగువారికి ఎప్పుడో ఒకప్పుడు ‘మిస్‌డౌట్’ అనే క్రియ ఎదురవుతుంది. ‘డౌట్’ మనకు కొత్త మాట కాదు. బడిమెట్లు ఎక్కనివారు కూడా ‘నాకో డౌటు’ అంటారు. ‘మిస్’ కూడా కొత్తది కాదు. మిస్టేక్, మిస్‌యూజ్ వంటి మాటల్లో దాన్ని రోజూ వింటూనే ఉంటాము. రెండూ తెలిసిన ముక్కలే కావడం వల్ల నిఘంటువు తీయకుండానే అర్థం ఊహించి ముందుకు సాగిపోతాము, అక్కడే దెబ్బ తింటాము.

నా దగ్గర కొంతకాలం ఇంగ్లీషు సాహిత్యం చదువుకున్న ఒక విద్యార్థిని ‘లవ్స్ లేబర్స్ లాస్ట్’ నాటకంలోని నాలుగో అంకాన్ని తెలుగు చేసి తెచ్చింది. అందులో జాక్వెనెట్టా అనే పల్లెపడుచు, పొరపాటున తన చేతికి వచ్చిన ఒక ఉత్తరాన్ని రాజుకు అందిస్తూ, దాన్ని చదివించమని వేడుకుంటూ, ‘అవర్ పార్సన్ మిస్‌డౌట్స్ ఇట్’ అంటుంది. ఆ విద్యార్థిని దానికి ‘మా ఫాదిరీగారికి దీనిమీద సందేహమేమీ లేదు’ అని వ్రాసింది. ‘మిస్’ అన్నది తరువాతి మాటను తలకిందులు చేస్తుందనీ, కాబట్టి సందేహానికి తలకిందులు సందేహం లేకపోవడమేననీ ఆమె తర్కం. తర్కంలో లోపం లేదు, కానీ ఆ మాటకు అసలు అర్థం దానికి సరిగ్గా ఎదురు. ఆ వెంటనే వచ్చే ముక్కలో, ఇది రాజద్రోహమని ఫాదిరీ అన్నాడని జాక్వెనెట్టా చెబుతుంది. సందేహమే లేనివాడు ఉత్తరాన్ని రాజు దాకా ఎందుకు పంపిస్తాడు? ఆ రోజు ఆ ఒక్క మాట దగ్గర మేమిద్దరం గంటసేపు కూర్చున్నాము. ఆ గంటలో తేలిన పద్ధతినే ఇక్కడ వరుసగా చెబుతున్నాను.

మొదట చేయవలసినది మాటను విడదీసి చూడటం. ఇంగ్లీషు వ్రాతలో ‘డౌట్’కు ఉన్న ‘బి’ ఉచ్చారణలో వినిపించదు. ‘మిస్‌డౌట్’ అనే పలకాలి. ఆ అక్షరం మొదట్లో లేనే లేదు. ఫ్రెంచి నుంచి ఇంగ్లీషులోకి వచ్చినప్పుడు ఆ మాటలో ‘బి’ లేదు. దాని మూలమైన లాటిన్ క్రియ ‘దుబితారె’లో ‘బి’ ఉన్నదని గుర్తించిన పండితులు తరువాతి కాలంలో వ్రాతలో దాన్ని చేర్చారు, కానీ జనం నోట అది ఎన్నడూ పలకలేదు. పైన చెప్పిన నాటకంలోనే హాలొఫర్నీజ్ అనే పంతులు ఒకడు, జనం ‘డౌట్’ అనే మాటను ‘బి’ మింగేసి పలుకుతున్నారని వాపోతాడు. ఆ ‘దుబితారె’ వెనుక ‘రెండు’ అనే అర్థమున్న మాట ఉంది. మనం ‘రెండు మనసులుగా ఉంది’ అన్నప్పుడు ఏ స్థితిని చెబుతామో, ఆ మాట పుట్టుకలోనూ అదే స్థితి ఉంది.

అయితే పాత ఫ్రెంచిలోనూ, దాని నుంచి తీసుకున్న నడిమి ఇంగ్లీషులోనూ ఈ క్రియకు సందేహించడంతో పాటు భయపడటం అనే అర్థం కూడా బలంగా ఉండేది. శత్రువు జంకేటంతటి యోధుణ్ణి వర్ణించే ‘రిడౌటబుల్’ అనే విశేషణం ఆ భయమనే అర్థం నుంచే వచ్చింది. ‘మిస్‌డౌట్’ పదహారో శతాబ్దంలో ఇంగ్లీషు వ్రాతల్లో కనిపించేనాటికి ఆ భయపు నీడ ఇంకా దాని వెంట ఉంది. ఈ ఒక్క సంగతి గుర్తుంచుకొంటే సగం పని అయినట్లే.

ఇక ముందున్న ‘మిస్’ సంగతి. ‘మిస్‌ట్రస్ట్’లో అది నమ్మకాన్ని తీసివేసి అపనమ్మకం చేస్తుంది. ‘మిస్‌డౌట్’లో మాత్రం అది సందేహాన్ని తీసివేయదు, సందేహానికి ‘చెడు’ అనే రంగు పులుముతుంది. తెలుగులో దీనికి సాటిరాగల మాట వెతుక్కోనక్కరలేదు, మన నోట సిద్ధంగానే ఉంది. ‘కీడెంచి మేలెంచు’ అంటారు కదా, అందులోని కీడెంచడమే మిస్‌డౌట్. రాత్రి పొద్దుపోయినా కొడుకు ఇంటికి రాకపోతే తల్లి ‘నా మనసెందుకో కీడు శంకిస్తోంది’ అంటుంది. ఆ వాక్యంలోని ‘కీడు శంకించడం’ కంటె దగ్గరి మాట నాకు ఇంతవరకు దొరకలేదు. ‘శంక’ అనే సంస్కృత పదానికి సందేహం, భయం అనే రెండు అర్థాలూ ఉన్నాయి. అందుకే ‘నిశ్శంకగా’ అంటే సందేహం లేకుండా అనీ, జంకు లేకుండా అనీ రెండు విధాలా పనికివస్తుంది. ‘మిస్‌డౌట్’ లోపలి కూర్పు కూడా అటువంటిదే.

రెండో అడుగు, క్రియ తరువాత ఏమి వచ్చిందో చూడటం. తరువాత వచ్చినది ఒక మనిషి గాని వస్తువు గాని అయితే పని తేలిక. అప్పుడు అది అపనమ్మకం; తెలుగులో ‘మీద నమ్మకం లేదు’, ‘మీద అనుమానం’, ‘ను అనుమానించు’ అనే మూడింటిలో సందర్భానికి తగినది తీసుకోవచ్చు. ‘ఐ మిస్‌డౌట్ దట్ స్మైల్’ అన్న వాక్యం ఉంటే ‘ఆ నవ్వు మీద నాకు నమ్మకం లేదు’ అంటే చాలు. ‘ఐ మిస్‌డౌట్ మి’ అని చివర ‘మి’ చేరిన వాక్యాలు కూడా పాత ఇంగ్లీషులో కనబడతాయి. ఆ ‘మి’ని చూసి ‘నన్ను నేను అనుమానించుకొంటున్నాను’ అని తొందరపడి వ్రాయకూడదు. చాలా చోట్ల అది చెప్పేవాడి మనసులోని కదలికను సూచిస్తుంది తప్ప అనుమానం ఎవరి మీదో చెప్పదు. తెలుగులో ‘నాకెందుకో అనుమానంగా ఉంది’ అని ‘నాకు’తో మొదలుపెడితే ఆ భావం దానంతట అదే వచ్చేస్తుంది.

తరువాత వచ్చినది మొత్తం ఒక ఉపవాక్యమైతే అసలు పరీక్ష మొదలవుతుంది. ఇక్కడ కాస్త ఆగి, మన సొంత భాషను ఒకసారి పరికించి చూడాలి. ‘వాడు దొంగ అని నా అనుమానం’ అంటే వాడు దొంగే అన్న వైపు మనసు మొగ్గుతోంది. ‘వాడు దొంగేనా అని నా అనుమానం’ అంటే కాదేమోనన్న వైపు మొగ్గుతోంది. ‘వాడు దొంగేమోనని నా అనుమానం’ అంటే మొదటిదానికే కొంత భయం, కొంత వెనుకంజ తోడయ్యాయి. మూడు వాక్యాల్లోనూ ‘అనుమానం’ ఒకటే; ‘అని’, ‘ఆ’, ‘ఏమో’ అన్నవే దిక్కును నిర్ణయిస్తున్నాయి. ఈనాటి ఇంగ్లీషులో ఈ పనిని రెండు వేర్వేరు క్రియలు పంచుకొన్నాయి: మనసు ‘అవును’ వైపు మొగ్గితే ‘సస్పెక్ట్’, ‘కాదు’ వైపు మొగ్గితే ‘డౌట్’. మన పిల్లలు ‘వాడు దొంగ అని నా డౌటు’ అన్న తెలుగు వాక్యాన్నే మనసులో పెట్టుకొని ‘ఐ డౌట్ హి ఈజ్ ఎ థీఫ్’ అని వ్రాస్తారు. ఉపాధ్యాయుడు దానికింద ఎర్రగీత గీస్తాడు, ఎందుకంటే ఆ వాక్యానికి నేటి ఇంగ్లీషులో ‘వాడు దొంగ కాడనుకుంటాను’ అని అర్థం.

ఆ ఎర్రగీత న్యాయమైనదే. కానీ ఆ పిల్లవాడి ఊహ భాషా ప్రపంచంలో ఎక్కడా లేని వింత కాదని అతనికి చెప్పడం కూడా న్యాయమని నా అభిప్రాయం. స్కాట్లండులోనూ ఉత్తర ఇంగ్లండులో కొన్ని చోట్లా ఇప్పటికీ ‘ఐ డౌట్ ఇట్ విల్ రెయిన్’ అంటే ‘వాన పడుతుందేమోనని భయంగా ఉంది’ అనే అర్థం. మిస్‌డౌట్ కూడా నేటి ‘డౌట్’లాగ ఒకే దిక్కుకు కట్టుబడదు, అది ‘అవును’ వైపూ మొగ్గగలదు, ‘కాదు’ వైపూ మొగ్గగలదు. అందుచేత దాన్ని అందుకోవడానికి ‘డౌట్’, ‘సస్పెక్ట్’ అనే నేటి జంట కంటె మన ‘అనుమానం’ అనే ఒక్క మాటే మంచి ఆసరా.

మరి ఎటు మొగ్గిందో తెలుసుకోవడం ఎలా? ఉపవాక్యంలో చెప్పిన సంగతి, ఆ మాట అనే మనిషికి మేలో కీడో అడగండి. అది కీడు అయితే, అది జరుగుతుందేమోనని, లేదా ఉన్నదేమోనని అతడు భయపడుతున్నాడు. అది మేలు అయితే, అది జరుగుతుందా అని అతడు శంకిస్తున్నాడు. ‘ఐ మిస్‌డౌట్ దేర్ ఈజ్ మిస్చిఫ్ ఇన్ ఇట్’ అన్నప్పుడు అందులో ఉన్నది కుట్ర, అంటే కీడు. కాబట్టి ‘ఇందులో ఏదో కుట్ర ఉందేమోనని నా అనుమానం’. ‘ఐ మిస్‌డౌట్ హి విల్ కీప్ హిజ్ వర్డ్’ అన్నప్పుడు మాట నిలబెట్టుకోవడం మేలు. కాబట్టి ‘అతడు మాట నిలబెట్టుకొంటాడా అని నా అనుమానం’. పైకి రెండూ ఎదురెదురు అర్థాలుగా కనిపించినా, రెండింటిలోనూ మనిషి ఎదురుచూస్తున్నది చెడునే. కీడెంచడమన్న మొదటి అడుగు ఇక్కడ మళ్ళీ అక్కరకు వస్తుంది.

మూడో అడుగు, మాట ఎవరి నోట వచ్చిందో, ఏ గాయం నుంచి వచ్చిందో చూడటం. దీనికి షేక్‌స్పియర్ వాడిన తావులే మంచి అభ్యాసం.

‘ది మెర్రీ వైవ్స్ ఆఫ్ విండ్సర్’ రెండో అంకంలో ఫోర్డ్ అనే గృహస్థు ‘ఐ డు నాట్ మిస్‌డౌట్ మై వైఫ్’ అంటాడు. తన భార్యకు ఫాల్‌స్టాఫ్ అనేవాడు గాలం వేస్తున్నాడని అప్పుడే విన్నాడు. భార్య మీద అనుమానం లేదంటూనే, వాళ్ళిద్దరినీ ఒకచోట వదిలిపెట్టడానికి మాత్రం తనకు ఇష్టం లేదని ఆ వెంటనే అంటాడు. ఇక్కడ ‘సందేహించడం లేదు’ అని తెలుగు చేస్తే వాక్యం చచ్చిపోతుంది. భార్య విషయంలో తెలుగువారు వాడే మాట ‘అనుమానించడం’ ఒక్కటే. ‘అనుమానపు మొగుడు’ అన్న మాట వింటే చాలు, ఎటువంటివాడో ఎవరికైనా తెలిసిపోతుంది. ‘నేను నా భార్యను అనుమానించడం లేదు’ అని వ్రాస్తే, అనుమానంతో ఉడికిపోతూ దాన్ని దాచుకొనే ఫోర్డ్ ఆ వాక్యంలో కనిపిస్తాడు.

‘ఆంటొనీ అండ్ క్లియోపాత్రా’ మూడో అంకంలో క్రీస్తు పూర్వం 31లో జరిగిన ఆక్టియం యుద్ధానికి ముందు, ఒక సామాన్య సైనికుడు ఆంటొనీ ఎదుటకు వచ్చి, సముద్రం మీద పోరు వద్దనీ, పుచ్చిన చెక్కలను నమ్మవద్దనీ మొరపెట్టుకొని, ‘డు యు మిస్‌డౌట్ దిస్ స్వోర్డ్ అండ్ దీజ్ మై వూండ్స్’ అని అడుగుతాడు. క్రియ తరువాత వచ్చినవి కత్తి, గాయాలు. ‘నా కత్తినీ నా గాయాలనూ అనుమానిస్తున్నారా’ అంటే తెలుగులో పొసగదు. గాయాలను ఎవరూ అనుమానించరు. ఇక్కడ కావలసినది నమ్మకం: ‘ప్రభూ, ఈ కత్తి మీద, నా ఒంటి మీది ఈ గాయాల మీద తమకు నమ్మకం లేదా?’ ఆంటొనీ ఆ మాట వినలేదు, సముద్రం మీదనే పోరాడి ఓడిపోయాడు. ఆ సైనికుడి గొంతులో నిందా ఉంది, విన్నపమూ ఉంది. ‘తమకు’ అన్న గౌరవ వాచకం లేకపోతే విన్నపం పోయి నింద మాత్రమే మిగులుతుంది.

అన్నిటికంటె నేను ఎక్కువసార్లు చదువుకొన్నది ‘హెన్రీ ది సిక్స్త్’ మూడో భాగం అయిదో అంకంలోని తావు. కాలం 1471. ఓడిపోయిన రాజు ఆరో హెన్రీ లండన్ టవర్‌లో బందీగా ఉన్నాడు. అతడిని చంపడానికి, గెలిచిన రాజు తమ్ముడైన గ్లాస్టర్ ప్రభువు వచ్చాడు. పాపం చేసిన మనసును అనుమానం వదలదనీ, దొంగకు ప్రతి పొదా తలారిలాగే కనబడుతుందనీ గ్లాస్టర్ ఎత్తిపొడుస్తాడు. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకొన్నట్లు అనే మన సామెతకు అది దూరపు చుట్టం. దానికి హెన్రీ అదే పొదను పట్టుకొని బదులిస్తాడు. పిట్టలను పట్టేవారు కొమ్మలకు బంక పూస్తారు. ఒకసారి ఆ బంకకు చిక్కుకొన్న పిట్ట, వణికే రెక్కలతో ప్రతి పొదనూ ‘మిస్‌డౌటెత్’ అంటాడు. చివరి ‘ఎత్’ నేటి ఇంగ్లీషులోని ‘ఎస్’కు పాత రూపం, అంతకు మించి దానికి విశేషమేమీ లేదు. తన పిల్ల కూడా ఆ బంకకే చిక్కి చచ్చిందని హెన్రీ తరువాతి పంక్తుల్లో చెబుతాడు. అతని ఒక్కగానొక్క కొడుకును అంతకుముందే ట్యూక్స్‌బరీ యుద్ధంలో చంపారు.

ఇప్పుడు తెలుగు చేసి చూడండి. ‘ప్రతి పొదనూ సందేహిస్తుంది’ అంటే పిట్ట ఏదో ప్రశ్న వేసుకొని తలగోక్కొంటున్నట్లుంటుంది. ‘ప్రతి పొదనూ అనుమానిస్తుంది’ అంటే కొంత మెరుగు, కానీ అందులో పొద నేరస్థురాలవుతుంది తప్ప పిట్ట వణుకు రాదు. మొదట మేము అక్కడే ఆగిపోయాము. తరువాత ‘కీడు’ అన్న మాట పడ్డాక వాక్యం కుదుటపడింది: ‘ఒకసారి బంకకు చిక్కిన పిట్ట, ఆ తరువాత ఏ పొదను చూసినా రెక్కలు వణికి కీడే శంకిస్తుంది.’ నేరం చేసినందువల్ల పుట్టిన అనుమానం వేరు, దెబ్బ తిన్నందువల్ల పుట్టిన శంక వేరు. గ్లాస్టర్ మొదటిదాన్ని హెన్రీకి అంటగట్టబోయాడు, హెన్రీ రెండోది చూపించి అతని నోరు మూయించాడు. ఇద్దరి మాటలకూ తెలుగులో ఒకే పదం పెడితే ఈ వాదమంతా మాయమవుతుంది. అందుకే గ్లాస్టర్‌కు ‘అనుమానం’, హెన్రీకి ‘శంక’ అని పంచిపెట్టమని నా సలహా.

ఇదే మాట నామవాచకంగా కూడా వస్తుంది. ‘హెన్రీ ది సిక్స్త్’ రెండో భాగంలో యార్క్ ప్రభువు తనకు తానే ధైర్యం చెప్పుకొంటూ, మిస్‌డౌట్‌ను దృఢనిశ్చయంగా మార్చుకొమ్మంటాడు. అక్కడ ఎవరి మీదా అనుమానం లేదు, ఉన్నది వెనుకాడటం. ‘ఈ జంకును తెంపుగా మార్చుకో’ అంటే సరిపోతుంది.

నాలుగో అడుగు, తెలుగు మాటకు తగిన వయసు ఎంచుకోవడం. ఇంగ్లీషులో మిస్‌డౌట్ వాడుక తప్పిన మాట; దానికి బదులుగా మనం పెట్టే మాట కూడా ఆ పాతదనాన్ని కొంచెమైనా మోయాలి. రాజులు, ప్రభువులు మాట్లాడే పద్యభాగాల్లో ‘శంకించు’, ‘సందియము’ అన్నవి బాగా ఒదుగుతాయి. సందేహానికి తద్భవమైన ‘సందియము’ మన పాత కావ్యాల వాసన ఉన్న మాట కాబట్టి దాన్ని మితంగా వాడాలి, పంక్తికొకటి చొప్పున గుమ్మరిస్తే చదివేవారికి విసుగు పుడుతుంది. పల్లెవాళ్ళ నోట వచ్చినప్పుడు ‘అనుమానం’, ‘నమ్మకం లేదు’ అన్నవే సహజం. పందొమ్మిదో శతాబ్దపు నవలల్లో ఈ క్రియ పల్లెటూరి పెద్దవాళ్ళ సంభాషణల్లో కూడా కనిపిస్తుంది. అక్కడ అది రాజసానికి కాదు, నేల మీది మాటకు గుర్తు. ‘సందియము’ పెడితే ఆ రైతు పండితుడైపోతాడు.

వాడకూడనిది ఒకటుంది, అది ‘డౌటు’. తెలుగులో ఆ మాటకు ఇప్పుడు స్థిరపడిన అర్థం తరగతిలో విద్యార్థి చెయ్యెత్తి ‘సార్, డౌట్’ అన్నప్పటి అర్థం, అంటే తెలియనిదాన్ని అడిగి తెలుసుకొనే ప్రశ్న. మిస్‌డౌట్‌లో ప్రశ్న లేదు, అడిగే కోరిక లేదు. ‘అనుమానం’ అన్న మాట సంగతి వేరు. న్యాయశాస్త్రంలో, అంటే మన పాత తర్కశాస్త్రంలో, అది ఒక ప్రమాణం (నిజాన్ని తెలుసుకొనే సాధనం) పేరు. కొండ మీద పొగను చూసి అక్కడ నిప్పు ఉన్నదని నిర్ణయించడం అనుమానం. తెలుగు వాడుకలో అది శంకగా మారినా, ఏదో ఒక పొగను చూసిన తరువాతనే కలిగే భావమన్న ఛాయ దానిలో ఇంకా మిగిలి ఉంది. హెన్రీ పిట్టకు బంక ఎటువంటిదో ఫోర్డ్‌కు ఫాల్‌స్టాఫ్ కబురు అటువంటిది. ఆ పొగ ఏమిటో మూలంలో వెతికి పట్టుకొంటే తెలుగు మాట దానంతట అదే దొరుకుతుంది.

ఇక మీరే ఇంగ్లీషులో ఈ క్రియను వాడదలిస్తే కొన్ని జాగ్రత్తలు కావాలి. రూపాలు కష్టమైనవి కావు: వర్తమాన కాలంలో ‘మిస్‌డౌట్’, ‘హి’, ‘షి’ వంటివాటి వెంట ‘మిస్‌డౌట్స్’, భూతకాలంలో ‘మిస్‌డౌటెడ్’. అభావానికి తప్పకుండా ‘నాట్’ చేర్చాలి. ‘మిస్’ ఆ పని చేయదని మొదటే చూశాము. ఉద్యోగానికి వ్రాసే లేఖలో, పరీక్షా వ్యాసంలో, ఆఫీసు ఈమెయిల్లో దీన్ని వాడవద్దు. చదివేవారు అక్షరదోషమనుకొంటారు, లేదా మీరు తెచ్చిపెట్టుకొన్న పాండిత్యమనుకొంటారు. అక్కడ ‘సస్పెక్ట్’ గాని, ‘హావ్ డౌట్స్ అబౌట్’ గాని, ‘డోంట్ ట్రస్ట్’ గాని మీకు కావలసిన పని చేసిపెడతాయి. చారిత్రక కథలోనో, పాతకాలపు నాటకానువాదంలోనో, ఒక ముసలి పాత్ర నోటనో పెట్టినప్పుడు అది నిండుగా ఉంటుంది, అది కూడా ఆ పాత్రకే ప్రత్యేకించి, ఒకటి రెండుసార్లు.

వాక్యం వ్రాశాక ఒక పరీక్ష చేయండి. మిస్‌డౌట్ ఉన్న చోట ‘ఫియర్’ పెట్టి చదవండి, తరువాత ‘డిస్‌ట్రస్ట్’ పెట్టి చదవండి. రెండింటిలో ఒకటైనా పొసగితే మీ వాక్యం నిలుస్తుంది. రెండూ పొసగక ‘వండర్’ మాత్రమే సరిపోతోందంటే మీరు చెప్పదలచుకొన్నది వట్టి సందేహం. అక్కడ ఈ మాటను తీసివేయండి. ఆ విద్యార్థిని తన జాక్వెనెట్టా వాక్యానికి ఈ పరీక్షే పెట్టింది. ‘డిస్‌ట్రస్ట్’ పొసగింది. పాత పంక్తి కొట్టివేసి, దాని పైన ఇలా వ్రాసుకొంది: ‘ప్రభూ, ఈ ఉత్తరం ఒకసారి చదివించండి. మా ఫాదిరీగారికి దీనిమీద అనుమానంగా ఉంది, ఇది రాజద్రోహమన్నారు.’